మీకు తెలుసా? పదివేల అడుగులు, పడవలో పుస్తకాలు

రాత్రి తొమ్మిదిన్నరకి కొన్ని ఇళ్లలో ఒక చిత్రమైన ఊరేగింపు కనిపిస్తుంది. ఇంటాయన ఫోన్ చేత్తో పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతుంటాడు. స్క్రీన్ మీద 9,640. ఇంకో 360 అడుగులు పడితే గానీ ఆయనకి నిద్ర పట్టదు. ఈ పదివేల లెక్క పుట్టింది ఆసుపత్రిలో కాదని, ఓ కంపెనీ అమ్మకాల్లో అని తెలుసా? 1964 టోక్యో ఒలింపిక్స్ పుణ్యమా అని జపాన్‌లో వ్యాయామం మోజు పెరిగింది. ఆ మరుసటి ఏడే యమసా అనే కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరొకటి తెచ్చి, దాని పేరులోనే పదివేల అడుగుల్ని ఇరికించింది. గుండ్రటి అంకె, గుర్తుండిపోయింది. ఇప్పుడు మన మణికట్టు మీదా అదే.

మరి ఎంత నడిస్తే చాలు? సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది అమెరికా మహిళల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. దాదాపు 7,500 దాటాక మాత్రం అదనంగా కనిపించిన లాభం లేదు. ఓపిక ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తారు కాబట్టి అంతా నడక మహిమే అనలేం. అయినా వంటింటి ఊరేగింపు మానేసి పడుకోవడానికి ఈపాటి సాక్ష్యం చాలు. అన్నట్టు, అలిపిరి మెట్లు 3,550. గోవింద నామం తప్ప మీటరు అక్కర్లేని నడక అది.

చార్లెస్ డార్విన్ దగ్గర యమసా వాళ్లదాని కంటే చవకైన మీటరుండేది. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో డౌన్ అనే పల్లెటూరిలో ఆయన ఇల్లు. ఇంటికి ఆనుకుని కాస్త నేల కౌలుకి తీసుకుని, చెట్లు నాటించి, వాటి చుట్టూ ఇసుక బాట వేయించుకున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి, వానైనా ఎండైనా, ఆ బాట మీద చుట్లు తిరిగేవాడు. మొదలుపెట్టే ముందు దారి పక్కన కొన్ని చెకుముకి రాళ్లు పేర్చుకోవడం, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకదాన్ని కాలితో తన్నేయడం. రాళ్లయిపోతే నడక అయిపోయినట్టే. బుర్రని లెక్కకి కాకుండా ఆలోచనకి వదిలేశాడన్నమాట.

ఆ తర్వాత భోజనం, పేపరు, ఉత్తరాలు. ఆపైన సోఫాలో వాలితే భార్య ఎమ్మా ఏదో ఒక నవల చదివి వినిపించేది. జీవజాతుల పుట్టుక మీద ప్రపంచం నమ్మకాల్ని తలకిందులు చేసిన మనిషి సేద తీరింది ఇలా! పెద్దవయసులో కవిత్వం తనకి రుచించడం మానేసిందని, షేక్‌స్పియర్‌ అయితే భరించలేనంత విసుగని ఆత్మకథలో రాసుకున్నాడు. నవలల్ని మాత్రం వదల్లేదు. గొప్పవి కానక్కర్లేదు, ఓ మోస్తరుగా ఉండి, చివర్లో ఏడిపించకుండా ఉంటే చాలట. విషాదాంత నవలలకి అడ్డంగా ఒక చట్టం తేవాలని కూడా అన్నాడు. ఆఖరి వారం హీరోయిన్‌కి అన్యాయం జరిగితే పత్రిక విసిరేసే మన సీరియల్ పాఠకులకి ఆయన తోడబుట్టినవాడే.

కథలు చదివితే ఎదుటివాళ్ల మనసు చదవడం వస్తుందా? వస్తుందని 2013లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. సాహిత్య విలువలున్న కథలో కొన్ని పేజీలు చదివినా తేడా కనిపించిందన్నారు. 2016లో వేరేవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. నా మటుకు ఇది బెంగపడాల్సిన సంగతి కాదు. మిరపకాయ బజ్జీ తింటూ విటమిన్ల లెక్క అడుగుతామా?

ఇక మన సంగతి. నీళ్ల మీద తిరిగిన గ్రంథాలయం తెలుగునాట ఉండేదని తెలుసా? 1935లో, గుంటూరు జిల్లా పెదపాలెంలో గ్రంథాలయం నడుపుతున్న పాతూరి నాగభూషణం గారికి వచ్చిన ఆలోచన ఇది. కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య కాలువలో జనం పడవల్లో వెళ్లేవాళ్లు. కాలువ పడవంటే తెలుసుగా, గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషులు. అంటే పడవ వేగం ఇంచుమించు మనిషి నడక వేగమే. అంతసేపు ఊరకే కూర్చున్న ప్రయాణికుల చేతికి పుస్తకం అందిస్తే పోలా అనుకున్నారాయన, అందించారు. చెమటోడ్చి లాగినవాళ్లకి ఆ పుస్తకాలు తెరిచే తీరిక ఎక్కడిది అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు. ఏమైనా, ప్రయాణంలో మనిషి చేతులు ఖాళీగా ఉంటాయని ఫోన్ల కంపెనీల కంటే ముందే కనిపెట్టింది ఓ పల్లెటూరి గ్రంథాలయం.

చివరగా ఒక్క మాట. మన దగ్గర 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీకు తెలియకుండానే పుస్తకాల డబ్బు కట్టేస్తున్నారు. నడిచే దూరంలో శాఖా గ్రంథాలయం ఉంటే సాయంత్రం అటువైపు నడవండి. ఓ నవల తీసుకుని ఫ్యాను కింద కూర్చోండి, లేదా ఇంటికి తెచ్చుకోండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.