సెట్టింగులను చదివే సులువైన పద్ధతి

అనేక పెద్ద ప్రోగ్రాములు తమ పని ప్రారంభించే ముందు ఒక చిన్న ఫైలును చదువుకొంటాయి. ఏ పోర్టు వద్ద వేచి ఉండాలి, ఏకకాలంలో ఎందరిని అనుమతించాలి వంటి నిర్ణయాలు అందులో వరుసకొకటి చొప్పున, పేరు, విలువల జంటలుగా ఉంటాయి. వీటినే సెట్టింగులంటారు. ఈ ఫైలును చదివే పద్ధతి స్వల్ప విషయంగా తోచవచ్చును. కాని అక్కడ జరిగే పొరపాటు ప్రోగ్రాము అంతటికీ సోకుతుంది.

మనకు మొదట స్ఫురించే సాధనం స్విచ్ వాక్యం. ప్రతి పేరుకూ ఒక కేసు వ్రాస్తాము. సెట్టింగులు పది ఉన్నంతవరకు ఇది చక్కగానే సాగుతుంది. అవి వంద అయినప్పుడు అంకెలను గుర్తించడం, హద్దులు పరిశీలించడం, దోషం తెలపడం అనే పనులే వందసార్లు వ్రాయవలసి వస్తుంది. ఎక్కడో ఒకచోట హద్దు పరిశీలన మరచిపోవడం సహజం. సీ భాషలోనైతే 'బ్రేక్' అనే ఒక్క మాట జారవిడిచినా, అమలు తరువాతి కేసులోనికి ప్రవహించి, ఒక సెట్టింగుకు ఉద్దేశించిన విలువ మరొకదానికి కూడా చేరవచ్చును. పైగా ఆ భాషలో స్విచ్ పూర్ణాంకాలను తప్ప పదాలను పోల్చజాలదు.

దీనికి పరిష్కారం పట్టిక. తరగతిలో కొత్త విద్యార్థి చేరితే హాజరు పిలిచే పద్ధతి మారదు. హాజరు పట్టీలో ఒక పేరు పెరుగుతుంది, అంతే. అదే విధంగా ప్రతి సెట్టింగుకూ పట్టికలో ఒక వరుస కేటాయించి పేరు, రకం, సహజ విలువ, కనిష్ఠ గరిష్ఠ హద్దులు, విలువను దాచవలసిన చోటు అందులో నమోదు చేయాలి. ఫైలులోని పేరును పట్టికలో వెదకి, దాని రకానికి తగిన ఫంక్షనుకు విలువను అప్పగించడానికి ఒక చిన్న లూపు చాలును. హద్దుల పరిశీలన ఒకేచోట ఉంటుంది కనుక దానిని మరచే అవకాశమే లేదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఈ మార్గాన్నే అనుసరించింది. అందులో పోర్టు అనే సెట్టింగుకు సహజ విలువ 5432, హద్దులు 1 నుండి 65535 వరకు. ఈ వివరాలను వాడుకదారు కూడా ప్రశ్నించి తెలుసుకొనవచ్చును. పట్టిక ఒక్కటే, ప్రయోజనాలు రెండు!

ఐతే రెండు జాగ్రత్తలు అవసరం. పట్టికలో లేని పేరు ఎదురైతే మౌనంగా దాటిపోరాదు. వరుస సంఖ్యతో సహా దోషాన్ని తెలిపి ఆగిపోవాలి. లేనిచో ఒక అక్షరదోషం వలన భద్రతకు సంబంధించిన సెట్టింగు అమలులోకి రాకపోయినా ఎవరికీ తెలియదు. ఇక రెండు సెట్టింగుల పరస్పర సంబంధాన్ని వరుసలు చెప్పలేవు. ఫైలంతా చదివిన పిమ్మట దానిని వేరుగా పరీక్షించాలి.

మారే విషయాన్ని పట్టికకు, మారని పద్ధతిని ప్రోగ్రాముకు అప్పగించడమే ఇందలి సారాంశం.