మంద్రతంత్రి – అనుసంధానం: తంబుర, బేస్ గిటార్‌ల తులనాత్మక పరిశీలన (కర్నూలు, కడప ప్రాంతాల తత్త్వగాన నేపథ్యం)

వ్యాససంగ్రహం:

కర్నూలు, కడప ప్రాంతాల తత్త్వగానంలో తంబుర శ్రుతికి ఆధారం. మైకు సెట్టు మీదుగా వినిపించే ప్రదర్శనల్లోనూ, పరిశోధకులు సేకరించే ధ్వనిముద్రణల్లోనూ తంబుర మంద్రస్వరం తరచుగా లోపిస్తున్నది. దీనికి కారణం వాద్యం కాదని, గాయకుడూ కాదని, వాద్యాన్ని యంత్రానికి కలిపే విధానమని ఈ వ్యాసం నిరూపించడానికి ప్రయత్నిస్తుంది. మంద్రస్వరాన్ని విద్యుత్ మార్గంలో పంపడానికే రూపొందిన బేస్ గిటార్ నిర్మాణాన్ని, సంకేతమార్గాన్ని తంబురతో పోల్చి వివరించడం ఇందులోని పద్ధతి.

కీలకపదాలు: తంబుర, తత్త్వగానం, బేస్ గిటార్, మంద్రం, జీవాళి, పికప్, అవరోధం, క్షేత్రపర్యటన.

1. ఉపోద్ఘాతం:

రాయలసీమ తత్త్వగానంలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సంప్రదాయానిది ప్రముఖ స్థానం. ఆయన కాలజ్ఞానం రచించిన చోటుగా ప్రసిద్ధి పొందిన బనగానపల్లె ఉమ్మడి కర్నూలు జిల్లాలోనిది. ఆయన మఠం ఉన్న కందిమల్లాయపల్లె కడప జిల్లాలోనిది. ఈ ప్రాంతపు తత్త్వగాయకులకు తంబుర, తాళాలు ప్రధాన వాద్యాలు. బుర్రకథలోనూ ప్రధాన కథకుని భుజాన ఉండేది తంబురే. 1986లో పద్మశ్రీ పురస్కారం అందుకున్న షేక్ నాజర్ పేరు చెప్పగానే తెలుగువారికి ముందుగా స్ఫురించే రూపం భుజాన తంబుర ధరించిన రూపమే.

తత్త్వాలపై జరిగిన పరిశోధన ప్రధానంగా పాఠానికి సంబంధించినది. సాహిత్యం, పాఠభేదాలు, తాత్త్వికత చర్చకు వచ్చినంతగా నాదం చర్చకు రాలేదు. కడప జిల్లాలో ఈ వ్యాసకర్త చేసిన ఒక ధ్వనిముద్రణలో గాత్రం, తాళం స్పష్టంగా ఉండగా తంబుర కేవలం రేకు మీద గోరు గీసినట్లు వినిపించింది. అదే తంబురను ఎదురుగా కూర్చుని విన్నప్పుడు మంద్రం నిండుగా ఉన్నది. మధ్యలో ఏం జరిగిందన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

2. మంద్రస్వరం – తంతి లక్షణాలు:

తంతి పలికే స్వరం మూడింటిపై ఆధారపడుతుంది: పొడవు, బిగువు, ప్రమాణ పొడవుకు ఉండే ద్రవ్యరాశి. తంతి పొడవైనా, వదులైనా, బరువైనా స్వరం కిందికి దిగుతుంది. బిగువును మార్చకుండా ఒక స్థాయి దిగాలంటే పొడవు రెట్టింపు కావాలి, లేదా తంతి నాలుగు రెట్లు బరువు కావాలి.

తంబురకు సాధారణంగా నాలుగు తంతులు. వాటికి పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అని పేర్లు. ఒకటవ కట్టె శ్రుతిలో పాడే పురుష గాత్రానికి సారణి షడ్జం సుమారు 131 హెర్ట్జ్, మంద్ర షడ్జం దానిలో సగం, అంటే సుమారు 65 హెర్ట్జ్.

బేస్ గిటార్‌కూ సాధారణంగా నాలుగు తంతులే. వాటి పౌనఃపున్యాలు వరుసగా 41.2, 55, 73.4, 98 హెర్ట్జ్. తంబుర మంద్ర షడ్జం ఈ నాలుగింటిలో రెండవ, మూడవ స్వరాల నడుమ నిలుస్తుంది. 55 హెర్ట్జ్ తంతిని మూడవ మెట్టు వద్ద నొక్కితే సరిగ్గా అదే స్వరం పలుకుతుంది. అంటే ఈ రెండు వాద్యాలు ఒకే మంద్రసీమలో పనిచేస్తున్నాయి. అందువల్లనే వీటి పోలిక సార్థకమవుతుంది.

3. నిర్మాణం – కుండ, పలక:

తంబురలో తంతి కంపనం గుర్రం మీదుగా పైపలకకు, అక్కడి నుంచి కుండలోని గాలికి చేరుతుంది. సన్నని తంతి తనంతట తాను గాలిని కదిలించలేదు. విశాలమైన పైపలక, బోలుగా ఉన్న కుండ ఆ పని చేస్తాయి. పనసకర్రతో తొలిచినా, ఎండిన సొరబుర్రతో కట్టినా సూత్రం ఒక్కటే.

1951లో లియో ఫెండర్ సంస్థ విడుదల చేసిన ప్రెసిషన్ బేస్ ఈ సూత్రాన్ని పక్కన పెట్టింది. దాని దేహం బోలు కాదు, గట్టి కర్రపలక. మేరువు నుంచి గుర్రం వరకు తంతి పొడవు 34 అంగుళాలు, అనగా 863.6 మిల్లీమీటర్లు. మంద్రతంతికి ఉక్కు నడితీగ చుట్టూ మరో లోహపు తీగను చుట్టి బరువు పెంచుతారు. గాలిని కదిలించే బాధ్యతను వాద్యదేహం నుంచి తప్పించి, విద్యుత్ పరికరాలకు అప్పగించారు. తంబుర ధ్వనికి కుండ ఎంత ముఖ్యమో, బేస్ గిటార్ ధ్వనికి దాని అనుసంధానం అంత ముఖ్యం.

ప్రత్యేకంగా ఒకరి కోసం బేస్ గిటార్ తయారు చేసేటప్పుడు మెట్ల లెక్క కీలకమవుతుంది. ప్రతి మెట్టు వద్ద మిగిలిన పొడవును 17.817తో భాగించగా వచ్చినంత దూరంలో తరువాతి మెట్టు అమరుతుంది. 863.6 మిల్లీమీటర్ల తంతికి మొదటి మెట్టు సుమారు 48.5 మిల్లీమీటర్ల వద్ద, పన్నెండవ మెట్టు సరిగ్గా సగంలో, 431.8 వద్ద వస్తాయి. గమకాలు పలికించదలచినవారు మెట్లు లేని దండిని కోరుకుంటారు.

కర్నూలు, కడప వంటి పొడినేలల్లో కర్ర ఎంపికకు మరో కారణం తోడవుతుంది. వేసవిలో గాలిలో తేమ తగ్గినప్పుడు కర్ర కుదించుకుపోతుంది, లోహపు మెట్లు కుదించుకోవు. అప్పుడు వాటి కొనలు దండి అంచు దాటి చేతికి గుచ్చుకుంటాయి. దండి వంపును సరిచేయడానికి లోపల అమర్చే ఉక్కు కడ్డీ ఇక్కడ తప్పనిసరి. బాగా ఆరిన కర్ర వాడటం అంతకన్నా ముఖ్యం.

ఈ సందర్భంలో ఎర్రచందనాన్ని ప్రస్తావించాలి. కడప, కర్నూలు, చిత్తూరు, నెల్లూరు కొండల్లో సహజంగా పెరిగే ఈ వృక్షపు చేవ జపాన్‌లో షమిసెన్ అనే మూడు తంతుల వాద్యానికి దండిగా ఉపయోగపడుతున్నది. 1995 నుంచి ఈ వృక్షజాతి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నది. కనుక స్థానికంగా దొరికే కర్రగా భావించి వాద్యనిర్మాతలు దీన్ని స్వేచ్ఛగా వాడుకునే వీలు లేదు. షమిసెన్‌కూ మన తంబురకూ మరో సంబంధం ఉన్నది. షమిసెన్‌లో అతిమంద్ర తంతి దండిని తాకీ తాకనట్లు ఉండి ఒక ఝంకారాన్ని ఇస్తుంది. దాన్ని వారు సవరి అంటారు. తంబురలో ఆ పని జీవాళిది.

4. జీవాళి – మూలస్వర భావన:

తంబుర గుర్రం మీద, తంతి కింద ఉంచే నూలుపోగే జీవాళి. దాన్ని సరైన చోటికి జరిపినప్పుడు తంతి గుర్రపు వంపును స్వల్పంగా తాకుతూ కంపిస్తుంది. దానివల్ల మూలస్వరంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలు గల అనుస్వరాలు బలంగా పుడతాయి. 65 హెర్ట్జ్ మంద్రానికి ఇవి 130, 195, 260 హెర్ట్జ్‌గా పైకి సాగుతాయి.

మానవ శ్రవణంలో ఒక విశేషం ఉన్నది. మూలస్వరం వినిపించకపోయినా అనుస్వరాల వరుస వినిపిస్తే చెవి ఆ మూలస్వరాన్నే గ్రహిస్తుంది. జాతరల్లో చెట్లకు కట్టే కొమ్ము లౌడ్‌స్పీకర్లు సాధారణంగా 300 హెర్ట్జ్‌కు దిగువన బలహీనంగా పలుకుతాయి. 65 హెర్ట్జ్ వాటిలో వినపడదనే చెప్పాలి. అయినా జీవాళి సరిగా ఉన్న తంబుర శ్రుతి వాటిలోనూ కొంతవరకు తెలుస్తుంది. జీవాళి తీసేస్తే ఆ శ్రుతి బాగా క్షీణిస్తుంది. పూర్వులు నాదసౌందర్యం కోసం అమర్చిన నూలుపోగు ఈనాటి యంత్రపరిమితిని కూడా కొంత పూరిస్తున్నది.

5. సంకేతగ్రహణం – అయస్కాంత పికప్, పీజో పికప్:

బేస్ గిటార్‌లో తంతుల కింద అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల సన్నని రాగితీగ ఉంటాయి. ఉక్కు తంతి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల తీగలో వోల్టేజి పుడుతుంది. తంతి లోహం అయస్కాంతానికి స్పందించేదై ఉండటం ఇక్కడ తప్పనిసరి.

గిటార్ పికప్‌ను తంబురకు అమర్చితే సమస్య ఇక్కడే తలెత్తుతుంది. తంబురలో పై మూడు తంతులు సాధారణంగా ఉక్కువి, మంద్రం ఇత్తడిది. ఇత్తడిని అయస్కాంతం ఆకర్షించదు. ఫలితంగా పంచమం, సారణి, అనుసారణి వినిపిస్తాయి, మంద్రం మాత్రం మాయమవుతుంది. గాయకుడు మీటుతూనే ఉంటాడు, యంత్రం దాన్ని గ్రహించదు.

కనుక తంబురకు తగినది కంపనాన్ని నేరుగా గ్రహించే పీజో పికప్. ఒత్తిడికి లోనైనప్పుడు వోల్టేజినిచ్చే చిన్న బిళ్లను గుర్రం దగ్గర పైపలకకు అంటిస్తారు. దీనికి తంతి లోహంతో నిమిత్తం లేదు.

6. అనుసంధానం – అవరోధం:

పీజో బిళ్ల విద్యుత్ దృష్ట్యా ఒక కెపాసిటర్ వంటిది. దాన్ని కలిపే యంత్రపు ప్రవేశ అవరోధం తక్కువైతే మంద్రస్వరాలు క్షీణిస్తాయి. క్షీణత మొదలయ్యే పౌనఃపున్యం అవరోధ, కెపాసిటెన్సుల లబ్ధానికి విలోమంగా ఉంటుంది. ఉదాహరణకు 15 నానోఫారడ్ల పీజో బిళ్లను 10 కిలో ఓముల మిక్సర్ ప్రవేశానికి నేరుగా కలిపితే ఆ హద్దు సుమారు 1060 హెర్ట్జ్. అప్పుడు 65 హెర్ట్జ్ మంద్రం పదహారో వంతుకు పడిపోతుంది. అదే బిళ్లను 1 మెగా ఓము ప్రవేశానికి కలిపితే హద్దు సుమారు 10.6 హెర్ట్జ్‌కు దిగి, మంద్రం చెక్కుచెదరకుండా చేరుతుంది. పైన పేర్కొన్న ధ్వనిముద్రణలో రేకుధ్వనికి కారణం ఇదే. అంటించిన బిళ్లను నేరుగా మిక్సర్‌కు కలపడం జరిగింది.

అయస్కాంత పికప్‌లో ఫలితం ఇందుకు భిన్నం. తక్కువ అవరోధానికి కలిపితే అందులో తారస్వరాలు మందగిస్తాయి. కనుక రెండింటికీ మధ్యలో డి.ఐ. పెట్టె అవసరం. ఇది వాద్యం వైపు అధిక అవరోధాన్ని చూపి, మిక్సర్ వైపు తక్కువ అవరోధం గల సంతులిత సంకేతాన్ని పంపుతుంది. పీజోకు కలిపేటప్పుడు దాని ప్రవేశ అవరోధం కనీసం 1 మెగా ఓము ఉన్నదో లేదో చూడాలి. వాద్యం నుంచి పెట్టె వరకు 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు గల కేబుల్‌ను వీలైనంత పొట్టిగా ఉంచి, అక్కడి నుంచి మిక్సర్ వరకు మూడు పిన్నుల కేబుల్‌ను ఎంత దూరమైనా తీసుకువెళ్లవచ్చు.

మన దేశపు విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. ఈ సంఖ్య బేస్ గిటార్ కింది రెండు తంతుల నడుమ, తంబుర మంద్రానికి కొద్ది దిగువన ఉన్నది. అందుచేత ఎర్తింగ్ లోపం వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం మంద్రసీమలోనే చేరి శ్రుతిని చెరుపుతుంది. వినేవారు దాన్నే తంబురగా పొరబడే అవకాశమూ ఉన్నది. 1957లో ప్రెసిషన్ బేస్ పికప్‌ను రెండు భాగాలు చేసి, ఒకదానికొకటి వ్యతిరేకంగా చుట్టి అమర్చడం వల్ల ఈ శబ్దం చాలావరకు రద్దయింది. తంబురకైతే సంతులిత కేబుల్, డి.ఐ. పెట్టెలోని గ్రౌండ్ మీట ఆ పని చేస్తాయి.

7. ముగింపు:

• తంబురలో మంద్రాన్ని కుండ మోస్తుంది, బేస్ గిటార్‌లో అనుసంధానం మోస్తుంది. తంబురను యంత్రానికి కలిపిన క్షణం నుంచి దానికీ అనుసంధానమే రెండవ కుండ అవుతుంది.

• మంద్రం ఇత్తడి తంతి అయినప్పుడు అయస్కాంత పికప్ పనికిరాదు. పీజో పికప్, అధిక అవరోధం గల ప్రవేశం తప్పనిసరి.

• కొమ్ము లౌడ్‌స్పీకర్ నుంచి గానీ, దాని ఎదుట పెట్టిన చరవాణితో గానీ చేసిన ముద్రణను వాద్యనాదానికి ఆధారంగా స్వీకరించరాదు. గాత్రానికి, తంబురకు వేరువేరు మార్గాల్లో ముద్రణ జరగాలి.

• సేకరణ పత్రంలో గాయకుని శ్రుతి, తంతుల లోహం, జీవాళి ఉన్నదీ లేనిదీ, అనుసంధాన విధానం నమోదు చేయాలి.

• దండి, మెట్లు, బిరడలు, మేరువు, గుర్రం, కుండ, జీవాళి అనే మన వాద్యపరిభాష బేస్ గిటార్ నిర్మాణాన్ని వివరించడానికి చాలావరకు సరిపోతుంది. విద్యుత్ పరికరాల పేర్లకు మాత్రమే అన్యదేశ్యాలు అవసరమయ్యాయి.

మంద్రం వినపడని ముద్రణను ఆధారం చేసుకుని ‘తత్త్వగానంలో తంబుర నామమాత్రం’ అని ఒక పరిశోధకుడు రాస్తే ఆ దోషం గాయకునిది కాదు. ఆ వాక్యం గ్రంథస్థమైన తరువాత దిద్దడం కష్టం. కేబుల్‌ను సరైన చోట కలపడం అంతకన్నా సులభం.