పూలలోయలో మా సెలవులు

గఢ్వాల్ హిమాలయములందలి భ్యూందార్ లోయను లోకము ‘పూలలోయ’ యని యెరుగును. 1931లో కామెట్ శిఖరమెక్కి మరలుచు ఫ్రాంక్ స్మైత్ దానిని చూచి, 1938లో ఆ పేరుతోనే గ్రంథము ప్రకటించెను.

శ్రావణమాసపు సెలవులలో మేము ఘాంఘరియానుండి కాలినడకను పోయితిమి. నీలి గసగసాల పూలముందు ఎంతసేపు నిలిచితిమో! అయితే పలుచోట్ల పాలిగోనమ్ అనెడి మొక్క గుబురుగా, ఏపుగా పెరిగి చిన్నపూలను కప్పివేసినది. 1982లో లోయ జాతీయోద్యానమైన పిదప పశువుల మేతను మాన్పిరి. మేత లేనందుననే ఇది బలిసినదని కొందరు శాస్త్రజ్ఞులు, కాదని మరికొందరు. కాపరుల మాటయు వినదగినదే యని మాకు తోచినది. ఇప్పుడు కూలీలచేత దానిని పెరికించుచున్నారు.

లోయలో రాత్రి బసకు అనుమతి లేదు. మధ్యాహ్నము దాటగానే వానజల్లులో మరలితిమి.