శిరీష అంటే దిరిసెన పువ్వు

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ముసలవ్వల పేర్లు అడిగి చూడండి. లక్ష్మమ్మ, ఈరమ్మ, ఎల్లమ్మ, నరసమ్మ అని చెబుతారు. ఇవి దేవుళ్ల పేర్లు. ఆదోనిలో మహాయోగి లక్ష్మమ్మ అవ్వ గుడి ఉంది. ఉరుకుందలో ఈరన్న స్వామి ఉన్నాడు. మొక్కుకున్న వాళ్లు ఆ పేర్లే బిడ్డలకు పెట్టుకున్నారు.

మనవరాళ్ల పేర్లు వేరు. శిరీష, శ్రావణి, మౌనిక, లావణ్య. "ఇవేం పేర్లు? నోరే తిరగదు" అంటారు అవ్వలు.

మరి శిరీష అంటే ఏమిటి? అది ఒక పువ్వు పేరు. శిరీషం సంస్కృత మాట. దాన్నే తెలుగులో దిరిసెన అంటారు. దిరిసెన చెట్టు మనకు కొత్తది కాదు. ఎండాకాలంలో పూస్తుంది. పువ్వు మగ్గం దారాల కుచ్చులాగా మెత్తగా ఉంటుంది. మంచి వాసన వస్తుంది. ఎండిన కాయలు గాలికి గలగలమంటాయి. ఆకు మేకలు తింటాయి. కొయ్య సామాన్లకు పనికొస్తుంది.

సుమారు 1500 ఏళ్ల కిందట కాళిదాసు అనే కవి శకుంతల నాటకం రాశాడు. అందులో శకుంతల చెవికి పెట్టుకునేది ఈ పువ్వే. అంటే పేరు కొత్తది, పువ్వు పాతది.

ఈ పేరు ఎందుకు నచ్చింది? మూడే అక్షరాలు. పిలవడానికి ముద్దుగా ఉంటుంది. ఏ కులం వాళ్లయినా పెట్టుకోవచ్చు. నవలల్లో, సినిమాల్లో ఇలాంటి పేర్లు విని తల్లులు ఇష్టపడ్డారు.

మెత్తని పువ్వు పేరు పెడితే పిల్ల మెత్తబడిపోతుందా? లేదు. బండ్ల శిరీష ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, అమెరికాలో పెరిగారు. 2021 జూలై 11న ఆకాశనౌకలో రోదసి అంచు దాకా వెళ్లివచ్చారు.

పేరు పెట్టడం ఒక ఎత్తు. రాయించడం ఒక ఎత్తు. శకు గుడి ఇస్తే శి. రకు గుడిదీర్ఘం ఇస్తే రీ. చివర ష. పలికేటప్పుడు చాలామంది "సిరీస" అంటారు. విన్నవాళ్లు అట్లే రాస్తారు. బడిలో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి పడుతుంది. ఇంగ్లీషులోనూ ఈ పేరును రెండు మూడు రకాలుగా రాస్తారు. ఏదో ఒకటే ఎంచుకుని అన్నిచోట్లా అదే రాయించాలి. లేకపోతే పిల్ల పెద్దయ్యాక ఆఫీసుల చుట్టూ తిరగాలి.

బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు పుట్టుక నమోదు చేయించాలి. పల్లెలో అయితే పంచాయతీ ఆఫీసులో, పట్నంలో అయితే మున్సిపల్ ఆఫీసులో చేస్తారు. అప్పటికి పేరు పెట్టకపోయినా ఫరవాలేదు. ఏడాదిలోపు రుసుం లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుం కట్టి చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి బర్త్ సర్టిఫికెటే ముఖ్యం.

అవ్వ వేలిముద్ర వేసింది. కాగితంలో ఏమి రాశారో ఆమెకు తెలియలేదు. అమ్మకు ఇప్పుడు చదువు వచ్చింది. సర్టిఫికెట్ చేతికి రాగానే మడిచి పెట్టెలో పెట్టకూడదు. అక్కడే నిలబడి ఒక్కో అక్షరం చదవాలి. తప్పుంటే అప్పుడే చెప్పి దిద్దించుకోవాలి.