సభలో వినడం: సాహిత్యోత్సవాల ఆనందంపై ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం నుంచి ఒక పరిశీలన

ప్రస్తావన

పుస్తకం ఇంట్లోనే చదువుకోవచ్చు. రచయిత ప్రసంగం ఫోనులోనే వినవచ్చు. అటువంటప్పుడు సాహిత్యోత్సవానికి శ్రమపడి వెళ్లడం ఎందుకు? నెల్లూరు జిల్లా పడమటి ప్రాంతంలో చదువుకొనే విద్యార్థులకు ఈ ప్రశ్న మరింత సూటిగా తగులుతుంది. ఉదయగిరి నుంచి జిల్లా కేంద్రానికే వంద కిలోమీటర్ల దరిదాపు దూరం. ఆత్మకూరు కొంత దగ్గర, అంతే. అక్కడి నుంచి హైదరాబాదు వెళ్లి ఒక్కరోజు ఉత్సవం చూసి రావాలంటే రెండు రాత్రులు బస్సుల్లో గడపాలి. ఈ ఖర్చుకు, ఈ శ్రమకు తగినది అక్కడ ఏదైనా ఉన్నదా అని విద్యార్థి అడిగితే, "రచయితలను చూడవచ్చు" అన్న సమాధానం చాలదు. సాహిత్యోత్సవంలో కలిగే ఆనందం ఎటువంటిదో మన అలంకారశాస్త్రం సాయంతోనూ, ఈ ప్రాంతపు సాహిత్య చరిత్ర ఆధారంగానూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదిమందితో కలిసి వినడం

రసచర్చలో మనం సాధారణంగా ఒక సహృదయుని గురించే మాట్లాడుతాం. కాని అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో ప్రేక్షకులందరి అనుభవం ఒకే ముద్దగా చిక్కబడడాన్ని గుర్తించి, దానిని ఏకఘనత అన్నాడు. రసం పుష్టి పొందడానికి ఇది తోడ్పడుతుందని ఆయన అభిప్రాయం. తంత్రాలోకంలో సామూహిక సందర్భాల ప్రస్తావనలోనూ ఒకరి చైతన్యం మరొకరిలో ప్రతిఫలించి విస్తరిస్తుందన్న భావన కనిపిస్తుంది. ఒంటరి పఠనంలో లేనిది, సభలో మాత్రమే దొరికేది ఇదే. పక్కన కూర్చున్న అపరిచితుని నిశ్శబ్దం కూడా మన అవగాహనలో భాగమవుతుంది.

కోళిక్కోడ్ సముద్రతీరంలో 2016 నుంచి జరుగుతున్న కేరళ సాహిత్యోత్సవంలో నాకు ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. మలయాళం నాకు రాదు. కవి చదువుతున్నప్పుడు ఒకచోట జనమంతా నిట్టూర్చారు, వారితోపాటు నేనూ నిట్టూర్చాను. కొద్ది నిమిషాల తరువాత ఆంగ్లానువాదం వినిపించారు. అర్థం తెలిసి ఆనందించాను గాని, మొదటి నిట్టూర్పు మళ్లీ రాలేదు. అర్థం తెలియకముందే నన్ను కదిలించినది కవి కంఠమా, చుట్టూ ఉన్న జనమా అని విడదీసి చెప్పలేను. విడదీయలేకపోవడమే ఏకఘనత కావచ్చు.

ఆసియాలో ఇటీవల వెలసిన ఉత్సవాలలో కొన్ని ఆయా స్థలాల గాయాలతో, జ్ఞాపకాలతో ముడిపడి ఉన్నాయి. 2002 నాటి బాలి బాంబుపేలుళ్ల తరువాత, ఆ ద్వీపం తేరుకోవడానికి తోడ్పడాలన్న ఆలోచనతో 2004లో ఉబుద్ రచయితల, పాఠకుల ఉత్సవం మొదలైంది. జైపూరు ఉత్సవం 2006లో ఒక పాత హవేలీ ప్రాంగణంలో ఆరంభమైంది. శ్రీలంకలోని గాలె ఉత్సవం 2007లో డచ్చివారి కోటలో మొదలైంది. కోటగోడల నడుమ కథలు వింటున్నారని చదివినప్పుడు, ఈ ప్రాంతం తెలిసిన వానికి ఉదయగిరి గుర్తుకు రాకుండా ఉండదు.

కోటలోని సభ

ఉదయగిరి పేరు చెబితే మనకు వెంటనే స్ఫురించేది శ్రీకృష్ణదేవరాయల దండయాత్ర. 1513లో ముట్టడి మొదలై 1514లో కోట రాయల వశమైంది. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని ఆయన విజయనగరానికి తరలించి, అక్కడ ఆలయం కట్టించి ప్రతిష్ఠించాడు. నేటి తెలుగు సాహిత్యసభలలో విరివిగా ప్రదర్శించే భువనవిజయం రూపకంలో పండితులు అష్టదిగ్గజాల వేషాలు వేసి, రాయల ఎదుట పద్యాలు వినిపిస్తారు. ఆ సభకు ఉదయగిరి జైత్రయాత్రలోని ఒక మజిలీ మాత్రమే.

నిజానికి అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఉదయగిరి కావ్యాలు విన్న చోటు. పదిహేనవ శతాబ్దంలో ఈ దుర్గాన్ని ఏలిన బసవరాజుకు దూబగుంట నారాయణకవి తన పంచతంత్రాన్ని అంకితమిచ్చాడు. నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు కృష్ణమిశ్రుని సంస్కృత నాటకాన్ని ప్రబోధచంద్రోదయం పేరుతో తెలుగు కావ్యంగా మలచి, బసవరాజు మంత్రి గంగయకు అంకితం చేశారు. ఆ జంటకవులే తరువాత వరాహపురాణాన్ని రాయల తండ్రి తుళువ నరసనాయకునికి అంకితమిచ్చారు. అంటే ఉదయగిరిలో వినిపించిన కంఠాలే విజయనగరానికి సాగాయి. కోటను గెలిచిన రాజు సభను ఏటా వేషాలు కట్టి స్మరిస్తున్న మనం, కోటలోపలి సభను పాఠ్యపుస్తకంలో ఒక వాక్యానికి కుదించాం. ఉదయగిరి నుంచి వచ్చే విద్యార్థులకే ఈ సంగతి తెలియకపోవడం నాకు ప్రతి సంవత్సరం ఎదురయ్యే అనుభవం.

శ్రోతకు దక్కే చోటు

రాజసభ అందరిదీ కాదు, అందువల్ల దానిని ఆదర్శంగా చూపలేము. శ్రోతకు కూడా సభలో పాత్ర ఇచ్చిన తెలుగు ప్రక్రియ అవధానం. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకులు లేనిదే అవధానం నడవదు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడైతే అవధాని ఏకాగ్రతను చెడగొట్టడమే పనిగా పెట్టుకుంటాడు, సభ దానికీ మురిసిపోతుంది. పద్యం ఒక్కొక్క పాదంగా తయారవుతుండగా, ఛందస్సు తెలిసిన శ్రోత తరువాతి పాదాన్ని మనసులో తానూ కట్టుకుంటూ ఉంటాడు. తన ఊహ తప్పి అవధాని పూరణ మెరుగ్గా వచ్చినప్పుడు కలిగే ఆనందం ముద్రిత పద్యంలో లేదు. అయితే ఛందస్సు తెలియనివారికి ఈ ఆనందం సగమే. ఆధునిక ఉత్సవం తలుపులు అందరికీ తెరిచింది గాని, శ్రోతకు చివరి పది నిమిషాల ప్రశ్నలను మాత్రమే మిగిల్చింది. హైదరాబాదులో 1975లోనూ, కౌలాలంపూరులో 1981లోనూ జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల వంటి బృహత్సభలలో ఆ పది నిమిషాలూ దొరకడం అరుదు. (శాలువాల సంఖ్య పెరిగేకొద్దీ శ్రోతల సంఖ్య తగ్గుతుందన్నది నా పరిశీలన.)

శ్రోతకు పూర్తి చోటు దక్కిన సందర్భం ఈ ప్రాంతంలోనే ఉంది. దానిని సాహిత్య చరిత్రలో చేర్చడం మనకు అలవాటు లేదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రిబడులు నడిచాయి. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. అది సారా దుకాణానికి ఎదురు నిలిచిన స్త్రీ కథ. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు ఆ పాఠాన్ని కలిసి చదివారు, విన్నారు, తమ ఊరి గురించి మాట్లాడుకున్నారు. తరువాత తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వారి విజయమే మరో వాచకంలో పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992 నాటికి ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. పేదరికం, కూలిడబ్బు సారాకు పోవడం వంటి కారణాలు అంతకుముందే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కరి ఇంటిబాధగా కాక అందరి కథగా వినిపించినది ఆ పఠనం. సాధారణీకరణం అన్న మాటకు తరగతిలో నేను ఇచ్చే ఉదాహరణ ఇదే. నారాయణకవి ఇంటిపేరూ ఈ గ్రామం పేరూ ఒకటే కావడం గమనించదగినది. రెండూ ఒకే ఊరని మాత్రం నేను ప్రతిపాదించడం లేదు.

సదస్సు, ఉత్సవం

మనవంటి అధ్యాపకులకు సదస్సులే ఉత్సవాలు. పత్రం చదివి, ధ్రువపత్రం తీసుకొని, మధ్యాహ్నపు బస్సుకు బయలుదేరడం మనకు పరిపాటి అయింది. ఇతరుల పత్రం వినడానికి ఉన్నవారెందరు? సాహిత్యోత్సవంలో ధ్రువపత్రం లేదు కాబట్టి వినడం తప్ప వేరే పని ఉండదు. పరిశోధకునికి ఇది తక్కువ లాభమేమీ కాదు. తన అంశానికి సంబంధం లేని గోష్ఠిలో, తాను చదవని భాషారచయిత ఎదుట కూర్చున్నప్పుడు అతడు మళ్లీ శ్రోత అవుతాడు.

ఒక జనవరిలో నలుగురు విద్యార్థులతో హైదరాబాదు సాహిత్యోత్సవానికి వెళ్లాను. 2010లో మొదలైన ఆ ఉత్సవానికి ప్రవేశరుసుము లేదు. అయినా బస్సు ఖర్చు వారికి భారమే. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాటిన తరువాత, అక్కడ విన్న ఒక కథ ముగింపు గురించి వారిలో వాదన మొదలైంది. వెనుక సీటులోని పెద్దావిడ కొంతసేపు విని, "ఇంతకీ ఆ బిడ్డ ఏమైంది నాయనా?" అని అడిగింది. వారు కథను మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. ఒకరు మరచినది మరొకరు అందించారు. ముగింపు వినగానే ఆమె ఒప్పుకోలేదు. అలా జరగడానికి వీల్లేదని, ఆ బిడ్డ పుట్టింటికే వచ్చి ఉంటుందని తన వాదం వినిపించింది. ఆత్మకూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు కూడా ఆ ఐదుగురూ అదే మాట్లాడుకుంటూ ఉన్నారు.