ఒక్క కూతగాడు, ఏడుగురి ఆట

గోదావరిఖనిలో షిఫ్టు దిగి వచ్చినవారు సాయంకాలము నలుగురు కూడినచోట కబడ్డీ మాట రాక మానదు. బావి పనివారి కుటుంబములకు ఈ ఆట కొత్తది కాదు; చెడుగుడు అను పేరుతో పల్లెలనుండి వెంట తెచ్చుకొన్నదే. కనుక 2023 అక్టోబరు వేలములో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నప్పుడు, ఇక్కడి అరుగులమీద ఆశలు పెరుగుట సహజమే. ప్రో కబడ్డీలో అంతకుముందు ఎవ్వరికిని అంత వెల పలుకలేదు. ఆ ఆశలు ఏమైనవో, ఎందుచేత అట్లైనవో నేడు విచారింతము.

అంతకుముందు రెండు సీజన్లలో టైటాన్స్ 22 ఆటల చొప్పున ఆడి, మొదటిసారి ఒకటి, రెండవసారి రెండు మాత్రమే గెలిచిరి. సెహ్రావత్ అన్ననో, అదే అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో భారత జట్టుకు నాయకుడై స్వర్ణపతకము తెచ్చినవాడు. 2023 డిసెంబరు 2న అహ్మదాబాదులో తొలి ఆట జరిగెను. గుజరాత్ జట్టు 38–32తో గెలిచెను. తుదకు 22 ఆటలలో టైటాన్స్ గెలుపులు రెండే. పన్నెండు జట్లలో పన్నెండవ స్థానము.

కోట్లు పోసి తెచ్చినవాడు ఆడలేదా? ఆడినాడు. జట్టులో అందరికంటె ఎక్కువ పాయింట్లు ఆయనవే. చిక్కు ఈ ఆట నియమములోనే యున్నదని మా అభిప్రాయము.

ఫుట్‌బాలులో మేటి ఆటగాడు తొంబది నిమిషములును మైదానమున ఉండవచ్చును. కబడ్డీలో పట్టుబడిన కూతగాడు వెలుపల బల్లమీద కూర్చుండవలెను. అతడు మరల బ్రతుకవలెనన్న, తనవాడెవడైనను ఎదుటి బరిలో ఒకనిని కొట్టి రావలెను. లేదా తనవారు ఎదుటి కూతగానిని పట్టవలెను. అదియును వరుస ప్రకారమే: ముందు చచ్చినవాడే ముందు లేచును. బోనసు పాయింటు వచ్చినను దానివలన ఎవ్వడును లేవడు. అనగా, పట్టుబడిన మేటివాని కాలము అతని చేతిలో లేదు, తక్కిన ఆరుగురి చేతిలో నున్నది. నలువది నిమిషముల ఆటలో అతడెంతసేపు బల్లమీద ఉండెనో, అన్ని నిమిషములు ఆ రెండున్నర కోట్లును బల్లమీద ఉన్నట్లే. ఎదుటివారికి ఇది తెలియకపోదు. తక్కినవారిని విడిచి అతనినొక్కనినే కాచుకొనియుందురు. ఇక పట్టు లేని జట్టున అతడు తెచ్చిన రెండు పాయింట్లను ఎదుటి కూతగాడు మరు కూతలోనే తీసికొని పోవును.

బావులలో పని చేసినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. టబ్బులు చేతితో నింపిన దినములలో ఎంత బలశాలియైన ఫిల్లరైనను, పైకప్పుకు దిమ్మ నిలుపు టింబర్‌మన్ పని ముగియనిదే బొగ్గు ముట్టలేడు. ట్రామర్ ఖాళీ టబ్బు తేనిదే తట్ట ఎత్తలేడు.

ఆ సీజనున కప్పు గెలిచిన పుణేరి పల్టన్ కూడ పెద్ద వెల పెట్టినదే. ఇరాను ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు! కాని అతడు ముఖ్యముగా పట్టు పట్టువాడు. అతని చుట్టు అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ వంటి యువకులు అంతకుముందే కలిసి ఆడియున్నారు. 2024 మార్చి 1న వారు హర్యానా స్టీలర్స్‌ను 28–25తో ఓడించినది హైదరాబాదు గచ్చిబౌలిలోనే. మన ఊరిలో, మనవారు లేని ఫైనలు!

2024 వేలములో టైటాన్స్ అదే సెహ్రావత్‌ను 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకొనిరి. వెల తగ్గినది, గెలుపులు 12కు పెరిగినవి. సీజను నడుమ ఆయన గాయపడి దూరమైనప్పుడు విజయ్ మలిక్ నాయకత్వమున జట్టు గెలుచుచునే యుండెను. ప్లే ఆఫ్‌లు మాత్రము తప్పినవి. ఏడవ స్థానము దక్కెను. 2025లో సెహ్రావత్ వేరొక జట్టుకు పోగా, మలిక్ నాయకుడుగా టైటాన్స్ ప్లే ఆఫ్‌లకు చేరి, రెండవ క్వాలిఫయరులో పుణే జట్టు చేతిలో ఓడిరి.

కాలనీ పిల్లలను అడిగి చూడుడు, అందరును కూతగాండ్రే కావలెనందురు. మూలన నిలిచి కాలు పట్టుటకు ముందుకు వచ్చువారు అరుదు. వేలములో పలుకు వెలలు చూచిన పిమ్మట వారినేమని తప్పు పట్టగలము? అయినను ఈసారి టీవీలో ఆట చూచునప్పుడు వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కూతగానిని కాక బల్లమీదివారిని లెక్కపెట్టుమనుడు. మేటివాడు ఎన్నిమారులు కూర్చుండెనో, ప్రతిమారు అతనిని లేపినది ఎవరో కాగితముమీద వ్రాయుమనుడు.