జెద్దా టవర్: ఏడేళ్ళు ఆగిన పని మళ్ళీ మొదలైంది, 2028కి పూర్తవుతుందా?

ఉమ్రాకు వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. జెద్దా ఎయిర్‌పోర్ట్‌కు ఉత్తరాన, ఒభుర్ వైపు, చుట్టుపక్కల ఇంకేమీ లేని చోట ఒక సగం కట్టిన కాంక్రీట్ మేడ ఆకాశంలోకి నిలబడి ఉంటుంది. అదే జెద్దా టవర్. పూర్తయితే ప్రపంచంలో మొట్టమొదటి కిలోమీటరు ఎత్తు భవనం ఇదే. 2018లో ఆగిపోయిన ఈ పని 2025 జనవరిలో మళ్ళీ మొదలైంది. అప్పట్నుంచి మన ఊళ్ళలో "జెద్దా టవర్‌లో పని ఉంది, వీసా ఉంది" అనే మాట కూడా మళ్ళీ వినిపిస్తోంది.

ఇంతకీ ఈ టవర్ ఎందుకు ఆగింది? ఇప్పుడు ఎంతవరకు వచ్చింది? కొడుకునో తమ్ముడినో అక్కడికి పంపే కుటుంబం ఏం చూసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏమిటీ టవర్?

2011 ఆగస్టులో సౌదీ యువరాజు అల్‌వలీద్ బిన్ తలాల్‌కు చెందిన కింగ్‌డమ్ హోల్డింగ్ కంపెనీ ఈ ప్రాజెక్టును ప్రకటించింది. అప్పట్లో దీని పేరు కింగ్‌డమ్ టవర్. కట్టే కాంట్రాక్టు సౌదీ బిన్‌లాదిన్ గ్రూప్‌కు వెళ్ళింది. విలువ 460 కోట్ల రియాల్స్. మక్కాలో హరమ్ పక్కన ఉన్న 601 మీటర్ల క్లాక్ టవర్ కట్టింది కూడా ఈ గ్రూపే.

డిజైన్ చేసిన అమెరికా ఆర్కిటెక్ట్ ఏడ్రియన్ స్మిత్ అంతకుముందు దుబాయ్‌లోని 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాకు కూడా డిజైన్ చేశారు. మొదట్లో ఒక మైలు, అంటే 1600 మీటర్ల ఎత్తు అనుకున్నారు. అక్కడి నేల అంత బరువు మోయలేదని తేలాక 1000 మీటర్లకు పైన అని సరిపెట్టుకున్నారు. పైన హోటల్, అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, 600 మీటర్లు దాటిన ఎత్తులో జనం నిలబడి చూసే డెక్ ప్లాన్‌లో ఉన్నాయి.

2013లో పునాది పని మొదలైంది. నేలలోకి 270 కాంక్రీట్ పైల్స్ దించారు. వాటిలో కొన్ని 100 మీటర్లకు పైగా లోతు. మన దగ్గర బోరు వేస్తే 300 అడుగులు దాకా పోయింది అంటాం కదా, ఇంచుమించు అంత లోతు కాంక్రీట్ స్తంభాలన్నమాట.

ఎందుకు ఆగింది?

ఒక్క కారణం కాదు. నాలుగు దెబ్బలు వరుసగా పడ్డాయి.

మొదటిది చమురు ధర. 2014 రెండో సగం నుంచి ధర పడిపోవడంతో సౌదీలో నిర్మాణ కంపెనీలకు రావలసిన బిల్లులు ఆలస్యమయ్యాయి.

రెండోది 2015 సెప్టెంబర్‌లో మక్కాలో క్రేన్ కూలిన ప్రమాదం. హజ్ కోసం వచ్చినవాళ్ళు వందమందికి పైగా చనిపోయారు. అక్కడ పని చేస్తున్నది బిన్‌లాదిన్ గ్రూప్. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆ కంపెనీకి కొత్త ప్రభుత్వ కాంట్రాక్టులు ఆపేశారు. 2016లో కంపెనీ వేలమందిని ఉద్యోగాల నుంచి తీసేసింది. జీతాలు అందని కార్మికులు మక్కాలో కంపెనీ బస్సులు తగలబెట్టేదాకా పోయింది పరిస్థితి.

మూడోది 2017 నవంబర్. సౌదీ ప్రభుత్వం అవినీతి వ్యతిరేక దర్యాప్తు పేరుతో చాలామంది యువరాజులను, వ్యాపారవేత్తలను రియాద్‌లోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్‌లో ఉంచింది. వాళ్ళలో టవర్ యజమాని అల్‌వలీద్, కాంట్రాక్టర్ వైపు నుంచి బకర్ బిన్‌లాదిన్ ఇద్దరూ ఉన్నారు. డబ్బు పెట్టే మనిషి, కట్టే మనిషి ఒకేసారి లోపల ఉంటే సైట్‌లో పని ఎలా నడుస్తుంది? 2018 జనవరిలో అల్‌వలీద్ బయటికి వచ్చారు. కానీ దాదాపు అదే సమయానికి టవర్ పని ఆగిపోయింది. అప్పటికి లేచినవి 63 అంతస్తులు.

నాలుగోది 2020లో కరోనా. మళ్ళీ మొదలుపెట్టాలన్న ఆలోచన ఉన్నా అది ఇంకా వెనక్కి పోయింది.

మళ్ళీ ఎలా మొదలైంది?

2023లో యజమాని సంస్థ జెద్దా ఎకనామిక్ కంపెనీ కాంట్రాక్టర్ల నుంచి కొత్తగా టెండర్లు పిలిచింది. 2024 అక్టోబర్‌లో తిరిగి బిన్‌లాదిన్ గ్రూప్‌తోనే ఒప్పందం కుదిరింది. మొత్తం విలువ 720 కోట్ల రియాల్స్. ఇప్పటి మారకంలో 16 వేల కోట్ల రూపాయల పైమాటే. ఇందులో 110 కోట్ల రియాల్స్ పాత పనికి ముందే చెల్లించేశారు. అంటే మిగిలిన పనికి 610 కోట్లు. గడువు 42 నెలలు.

ఇక్కడ లెక్క గమనించాలి. 2011లో మొత్తం టవర్‌కు 460 కోట్లు అనుకున్నారు. ఇప్పుడు మిగిలిన పనికే 610 కోట్లు. స్టీలు, సిమెంటు, కూలి, యంత్రాల అద్దె అన్నీ పెరిగాయి. ఆగిన పని ఊరికే ఆగదు, ఆగినన్ని రోజులూ ఖర్చు పెంచుకుంటూ పోతుంది. ఇల్లు స్లాబ్ దగ్గర ఆపి నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

2025 జనవరి 20న 64వ అంతస్తు కాంక్రీట్ పోసి పని తిరిగి ప్రారంభించారు. నాలుగు రోజులకు ఒక అంతస్తు చొప్పున వేస్తామని అప్పుడు చెప్పారు. 2025లోనే 70వ అంతస్తు దాటారు. ఏడాది చివరికి 80 దగ్గరకు చేరినట్టు వార్తలు వచ్చాయి. ఆ లెక్కన పదకొండు నెలల్లో 16 అంతస్తులు, అంటే ఒక్కో దానికి సగటున ఇరవై రోజులు. చెప్పిన వేగానికీ నడిచిన వేగానికీ తేడా ఇదీ.

ఇంత ఎత్తుకు పని ఎందుకు నెమ్మది?

నాలుగు రోజులకు అంతస్తు అన్నది అన్నీ సరిగ్గా కుదిరినప్పటి మాట. ఏడేళ్ళు మూతబడ్డ సైట్‌లో ముందు క్రేన్లు, షట్టరింగ్, లిఫ్టులు మళ్ళీ సిద్ధం చేసుకోవాలి. మనుషులను పోగు చేసుకోవాలి. ఆ తర్వాతే వేగం వస్తుంది.

కాంక్రీట్‌ను కింద నుంచి పైపులో పంపు చేస్తూ పైకి పంపాలి. బుర్జ్ ఖలీఫాలో 600 మీటర్లకు పైగా ఇలా పంపారు. మధ్యలో గట్టిపడితే పైపే మూసుకుపోతుంది. ఎండాకాలంలో వేడికి కాంక్రీట్ తొందరగా బిగుసుకుంటుంది. అందుకే బుర్జ్ ఖలీఫాలో రాత్రిపూట, ఐసు కలిపి పోశారు. దీనికి తోడు సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. అది కార్మికుడి ప్రాణానికి సంబంధించిన నిబంధన, దాన్ని ఆలస్యం కింద లెక్కవేయడం తప్పు.

గాలి ఇంకో సమస్య. క్రేన్ ఎంత పైకి పోతే అంత గాలి. గాలి ఎక్కువైతే క్రేన్ ఆపేయాల్సిందే. టవర్ మూడు రెక్కలుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడేది కూడా గాలి తాకిడి తగ్గించడానికే. ఇందులో ఒక లాభం ఉంది. పైన అంతస్తుల వైశాల్యం తక్కువ, కాబట్టి ఒక్కో అంతస్తుకు పట్టే కాంక్రీట్ కూడా తక్కువ.

లిఫ్టుల సంగతి కూడా మామూలు కాదు. స్టీలు తాడు 500 మీటర్లు దాటితే తన బరువు తనే మోయడం కష్టం. అందుకని ఫిన్లాండ్ కంపెనీ కోనే తయారు చేసిన కార్బన్ ఫైబర్ తాడును ఎంచుకున్నారు.

ఏడేళ్ళు ఎండలో నిలబడితే పాడవదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. బాగా కట్టిన కాంక్రీట్ ఊరికే నిలబడినంత మాత్రాన పాడవదు. ప్రమాదం బయటికి కనబడే ఇనుప చువ్వలకు. ఎర్ర సముద్రం గాలిలో ఉప్పు ఉంటుంది, చువ్వ తుప్పు పడుతుంది. అందుకే ఇలాంటి చోట్ల పని మళ్ళీ మొదలుపెట్టే ముందు కాంక్రీట్ బలం, చువ్వల స్థితి పరీక్షించి, తుప్పు తీసి, అవసరమైన చోట కొత్తవి వేసి ముందుకు పోతారు.

మన కుటుంబాలకు ఏమిటి సంబంధం?

ఇలాంటి ప్రాజెక్టు ఆగినప్పుడు దెబ్బ ఎవరికి తగులుతుందో డబ్బు నడిచే దారి చూస్తే అర్థమవుతుంది. యజమాని కాంట్రాక్టర్‌కు అయిన పనికి బిల్లు చెల్లిస్తాడు. కాంట్రాక్టర్ సబ్ కాంట్రాక్టర్‌కు ఇస్తాడు. సబ్ కాంట్రాక్టర్ లేబర్ సప్లై కంపెనీకి ఇస్తాడు. ఆ కంపెనీ కార్మికుడికి జీతం ఇస్తుంది. పైన ఒక్క బిల్లు ఆగితే కింద నాలుగు మెట్ల అవతల ఉన్న మనిషికి జీతం ఆగుతుంది. నిజామాబాద్‌లోనో జగిత్యాలలోనో పాతబస్తీలోనో ఇంట్లో స్కూలు ఫీజు ఆగుతుంది.

2016లో జరిగింది ఇదే. సౌదీ ఓజర్ లాంటి పెద్ద కంపెనీలు జీతాలు ఇవ్వలేక వేలమంది భారతీయులు క్యాంపుల్లో చిక్కుకున్నారు. తిండికి కూడా ఇబ్బంది పడితే జెద్దాలోని భారత కాన్సులేట్ రేషన్ పంపింది. అప్పటి విదేశాంగ సహాయ మంత్రి వి.కె. సింగ్ స్వయంగా వెళ్ళారు. చాలామంది బకాయిలు వదులుకుని ఖురూజ్ కొట్టించుకుని ఇంటికి వచ్చారు.

ఆ మరుసటి ఏడాదే, 2017 జులై నుంచి, ఫ్యామిలీతో ఉన్నవాళ్ళపై డిపెండెంట్ ఫీజు మొదలైంది. మొదట తలకు నెలకు 100 రియాల్స్, 2020 నాటికి 400. భార్య, ఇద్దరు పిల్లలుంటే నెలకు 1200 రియాల్స్. ఏడాదికి 14,400. ఆ భారం మోయలేక భార్యాపిల్లలను హైదరాబాద్ పంపేసి ఒంటరిగా రూముల్లో ఉండిపోయిన తండ్రులు ఎంతోమంది.

పని ఉందంటే ఏం చూసుకోవాలి?

టవర్ పేరు చూసి కాదు, కాగితం మీద ఏ కంపెనీ పేరుందో చూసి నిర్ణయించుకోవాలి. కార్మికుడికి జీతం ఇచ్చేది టవర్ కాదు, అకామా మీద పేరున్న కంపెనీ.

పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్ సాధారణంగా ఈసీఆర్ రకం. వాళ్ళకు సౌదీ వెళ్ళడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఏజెంట్ తీసుకోగల సర్వీస్ ఛార్జీ 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. లక్షా రెండు లక్షలు అడిగాడంటే అక్కడే ఆగాలి. తెలంగాణ వాళ్ళకు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది.

విజిట్ వీసా మీద పోయి పని చేసుకోవచ్చన్నా, ఆజాద్ వీసా అన్నా నమ్మొద్దు. ఏదైనా జరిగితే ఏ హక్కూ మిగలదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల రూపాయల కవర్ ఇస్తుంది, ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు.

సౌదీ చేరాక ఒప్పందం కివా పోర్టల్‌లో నమోదై ఉందా, జీతం బ్యాంకులో పడుతోందా అన్నవి చూసుకోవాలి. 2021 మార్చి నుంచి చాలా ప్రైవేట్ ఉద్యోగాల్లో నిర్ణీత షరతులతో కఫీల్ అనుమతి లేకుండానే కంపెనీ మారే వీలు వచ్చింది. ఇంటి పనివాళ్ళకు, హౌస్ డ్రైవర్లకు అది వర్తించదు. వచ్చేసేటప్పుడు హిసాబ్‌లో సర్వీస్ డబ్బు అడగాలి: కాంట్రాక్టు పూర్తి చేసినవాళ్ళకు మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. జీతం రెండో నెల కూడా ఆగితే ఊరుకోకుండా కాన్సులేట్‌కు గానీ, మదద్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు పెట్టాలి. 2016లో నెలల తరబడి ఎదురుచూసినవాళ్ళే ఎక్కువ నష్టపోయారు.

2028కి అవుతుందా?

42 నెలల గడువును 2025 జనవరి నుంచి లెక్కేస్తే 2028 మధ్యలోకి వస్తుంది. కంపెనీ చెబుతున్నదీ 2028నే. 157 అంతస్తులకు పైగా కట్టాలి. ఇరవై రోజులకు ఒకటి చొప్పునే నడిస్తే మిగిలిన అంతస్తులకే నాలుగేళ్ళు పడుతుంది. వేగం పదిరోజులకు ఒకటిగా మారితే రెండేళ్ళు చాలు. అద్దాలు, లిఫ్టులు, లోపలి పని కింది అంతస్తుల్లో పక్కనే నడుస్తూ ఉండొచ్చు.

కాబట్టి ఈ టవర్ వార్త కనబడినప్పుడు ప్రకటించిన తేదీని కాదు, అంతస్తు నంబర్‌ను చూడాలి. మూడు నెలల కింద ఎంత, ఇప్పుడు ఎంత అని తీసివేత చేస్తే చాలు, పని పరుగెడుతోందో పాకుతోందో తెలిసిపోతుంది. అక్కడ పని చేసే కొడుక్కి ఫోన్ చేసినప్పుడు మాత్రం అడగాల్సింది వేరే ఉంది: ఈ నెల జీతం టైముకు పడిందా?